దీపం ఆర్పే మేస్త్రి

ఆ రోజుల్లో బెజవాడలో కారుకి ఏసీ ఉండటం ఒక గొప్ప, ఉన్న ఏసీ పనిచేయడం ఇంకో గొప్ప. రోహిణి కార్తె ఎండలో అద్దాలు బిగించుకుని బెంజ్ సర్కిల్ దగ్గర ఆగిన కారుని చూసి స్కూటర్ల మీది జనం కుళ్ళుకునేవారు. (ఆ కార్లలో సగం వాటికి ఏసీ పనిచేయదనీ, లోపలివాళ్ళు పరువు కోసం అద్దాలు ఎత్తుకుని చెమటలు కక్కుతున్నారనీ మాకు మాత్రమే తెలుసు. మర్నాడు పొద్దున్నే వాళ్ళు మా షాపుకే వచ్చేవారు.) మా షాపు ఆటోనగర్‌లో, రేకుల షెడ్డులో ఉండేది. మేము ఎక్కించే గ్యాసు కంటికి కనపడే సరుకు కాదు. బియ్యమైతే గుప్పెట్లోకి తీసుకుని చూడొచ్చు, చీరైతే వెలుగులోకి పట్టుకుని చూడొచ్చు. గ్యాసుని ఏం చూస్తారు? అందుకని మా దగ్గరికి వచ్చే ప్రతి మనిషీ ముందే అనుమానంతో వచ్చేవాడు. స్టూలు వేయించుకుని కారు పక్కనే కూర్చుని, పేకాటలో ఎదుటివాడి చేతుల్ని చూసినట్టు మా చేతుల్నే చూస్తూ ఉండేవాడు.

అలాంటి చోటికి నాలాంటివాణ్ణి పనిలోకి పంపడం మా బాబాయి చేసిన పొరపాటు. మా ఇంట్లో అనుమానం వంశపారంపర్యం. మా నాన్న పాలు పితికేటప్పుడు గేదె పక్కనే నిలబడేవాడు, పాలవాడి మీద నమ్మకం లేక. మా నాయనమ్మ అయితే రేడియోలో వార్తలు చదివే ఆయన్ని కూడా నమ్మేది కాదు. "అంత నున్నగా మాట్లాడుతున్నాడంటే ఏదో దాస్తున్నాడ్రా" అనేది. గుడివాడ పక్కన మా ఊళ్ళో అందరూ మమ్మల్ని చూసి నవ్వేవారు, మేము మాత్రం వాళ్ళెందుకు నవ్వుతున్నారా అని ఇంకాస్త అనుమానించేవాళ్ళం. ఐటీఐలో ఫ్రిజ్‌లూ ఏసీలూ బాగుచేసే చదువు పూర్తిచేసి, ఇరవై రెండేళ్ళ వయసులో, జేబులో సర్టిఫికెట్టూ తలనిండా అనుమానాలూ పెట్టుకుని నేను ఆ షెడ్డులో అడుగుపెట్టాను.

చేరిన నెలలోపే నేను ఒక చిట్కా కనిపెట్టి మంచి పేరు తెచ్చుకున్నాను. స్టూలు మీద కూర్చున్న ఆసామి "గ్యాసు ఎక్కిస్తున్నావా, గాలి ఎక్కిస్తున్నావా" అని అడగ్గానే నేను మాట్లాడకుండా హోస్ పైపు కొస పైకెత్తి సిలిండరు వాల్వు కాస్త తిప్పేవాణ్ణి. తుస్సుమని తెల్లటి పొగ పైకి లేచేది. ఆసామి చెయ్యి చాపితే చల్లగా తగిలేది. ఆయన మొహంలో అనుమానం పోయి గుళ్ళో తీర్థం పుచ్చుకున్నంత తృప్తి కనపడేది. ఇంకోసారి అంటే ఇంకోసారి తుస్సుమనిపించేవాణ్ణి. పిల్లల్ని తెచ్చుకుంటే పిల్లలకి విడిగా. కొద్ది రోజుల్లోనే "ఆ పొట్టి అబ్బాయి దగ్గరికి వెళ్ళండి, గ్యాసు చూపించి మరీ ఎక్కిస్తాడు" అని బందరు రోడ్డంతా చెప్పుకున్నారు. (ఆ పొట్టి అబ్బాయిని నేనే. ఇప్పుడు పొట్ట కూడా తోడైంది.)

నా చిట్కా నచ్చని మనిషి షాపులో ఒక్కరే, మా పెద్ద మేస్త్రి. ఆటోనగర్ అంతా ఆయన్ని కళ్ళద్దాల మేస్త్రి అనేది. చూపు బాగానే ఉండేది గానీ, గ్యాసు పైపు ముట్టుకునే ముందు స్కూటర్ మీద పెట్టుకునే పెద్ద కళ్ళద్దాలు ఒకటి మొహానికి తగిలించుకునేవారు. చేతులకి తోలు గ్లవుసులు. ఆ ఎండలో, ఆ రేకుల కింద ఆయన్ని అలా చూస్తే ఎవరికైనా నవ్వొచ్చేది. నాకు మాత్రం అనుమానం వచ్చింది. మొహం దాచుకోవాల్సిన అవసరం మంచివాడికి ఏముంటుంది? పైగా ఆయన ఎడమచేతి చూపుడువేలి కొస తెల్లగా మొద్దుబారి ఉండేది. ఏమైందండీ అంటే "పాత కథలే అబ్బాయ్, మళ్ళీ చెబుతాలే" అనేవారు. అది ఎక్కడో దొంగతనంలో తలుపు సందున పడి నలిగిందని నేను ఖాయం చేసుకున్నాను. నేను తుస్సుమనిపించడం కంటపడితే "గ్యాసుతో ఆటలొద్దయ్యా. కంట్లో పడితే కన్ను పోద్ది" అని వాల్వు కట్టేసేవారు. సిలిండరులో ఏముందో బయటపడుతుందని ఆయన భయం అనుకున్నాను. అప్పట్నుంచీ ఆయన లేనప్పుడే చూపించేవాణ్ణి.

ఇంకా ఉన్నాయి. షెడ్డు వెనకాల చిన్న గదికి ఆయన తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకునేవారు. కొన్ని పాత కార్లు వస్తే వాటిలో మిగిలిన గ్యాసుని ఏదో పంపు పెట్టి లాగి, రంగు వెలిసిన ఒక సిలిండరులోకి పట్టి, ఆ గదిలోకి తీసుకెళ్ళేవారు. మధ్యాహ్నం అన్నాల దగ్గర తన క్యారియర్లోంచి నాకు గోంగూర పచ్చడి వడ్డించేవారు. అది ఎంత బాగుండేదంటే నా నోరు మూయించడానికే పెడుతున్నారని నాకు గట్టి నమ్మకం కుదిరింది. (పచ్చడి మాత్రం వదల్లేదు. అనుమానం దారి అనుమానానిది, ఆకలి దారి ఆకలిది.)

మా ఓనరు గారు దైవభక్తి గల మనిషి. పొద్దున్నే వచ్చి షెడ్డులో దేవుడి పటాల ముందు కుందిలో నూనె పోసి దీపం పెట్టి, ఇంటికి టిఫినుకి వెళ్ళి, పదిన్నరకి తిరిగి వచ్చేవారు. మధ్యాహ్నందాకా దీపం వెలగాలి, అది ఆయన తండ్రి నాటి నుంచి వస్తున్న పద్ధతి. ఒకసారి కుందిలో నూనె తరగకపోవడం గమనించి, దేవుడి మహిమ అనుకుని నాలుగు రోజులు పొంగిపోయారు. పక్క షాపులవాళ్ళని పిలిచి చూపించారు కూడా. ఐదో రోజు తొందరగా తిరిగొచ్చి చూస్తే దీపం ఆరి ఉంది, ఒత్తి కొస ముట్టుకుంటే చల్లగా తగిలిందట. మహిమ పోయి అనుమానం వచ్చింది. ఆ సాయంత్రం నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించి అన్నారు: "ఒరే అబ్బాయ్, ఈ మధ్య రెండు సంగతులు నాకు అంతు పట్టట్లేదు. గ్యాసు సిలిండర్లు ఇదివరకటికన్నా తొందరగా అయిపోతన్నాయి. దీపం ఎవరో ఆర్పేస్తన్నారు. నువ్వు మీ బాబాయి పంపిన పిల్లాడివి, కాస్త ఓ కన్నేసి ఉంచు."

ఒక కన్ను ఏమిటి, రెండు కళ్ళూ వేశాను. మర్నాటినుంచి అందరికన్నా ముందు వచ్చి పాత టైర్ల వెనక దాక్కునేవాణ్ణి. రెండో రోజే దొరికిపోయారు. ఓనరు గారు టిఫినుకి వెళ్ళగానే కళ్ళద్దాల మేస్త్రి గారు అటూ ఇటూ చూసి, దీపం దగ్గరికి వెళ్ళి, తడి గుడ్డతో ఒత్తి నొక్కి ఆర్పేశారు. ఆ తర్వాత కారు దగ్గరికి వచ్చి గ్యాసు పైపు విప్పారు. పదింటికి పని అయ్యాక మళ్ళీ వెలిగించి దణ్ణం పెట్టుకున్నారు. ఆర్పేవాడు దణ్ణం ఎందుకు పెడతాడని ఒక్క క్షణమైనా ఆలోచించి ఉంటే ఈ కథ ఉండేది కాదు. నేను ఆలోచించలేదు. సాయంత్రం ఓనరు గారి చెవిలో అంతా ఊదాను. దీపం సంగతి, తాళం గది సంగతి, రంగు వెలిసిన సిలిండరు సంగతి, కళ్ళద్దాల సంగతి. గోంగూర పచ్చడి సంగతి మాత్రం దాచుకున్నాను.

"పన్నెండేళ్ళ నించి ఉన్న మనిషిరా" అన్నారు ఓనరు గారు. "నీ మాట మీదే పంపించేస్తే బాగోదు. రేపు నేను టిఫినుకి ఎళ్ళను. దీపం పక్కనే కూర్చుంటా. నా కళ్ళ ముందే ఆర్పాడా, రేపటితో ఆయనకీ మనకీ సరి." అప్పుడు నాకు గుండెల్లో కాస్త కలుక్కుమంది. మేస్త్రి గారికి ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరూ బడికి వెళుతున్నవాళ్ళే. ఆటోనగర్‌లో దొంగ అని పేరుపడిన మేస్త్రిని ఏ షెడ్డువాళ్ళూ పెట్టుకోరు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ, నిజం బయటపడటం ముఖ్యం కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మర్నాడు పొద్దున అన్నమాట ప్రకారం ఓనరు గారు దీపం వెలిగించి, పక్కనే కుర్చీ వేసుకుని పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. (పేపరు తలకిందులుగా ఉందని నేను చూశాను, చెప్పే ధైర్యం లేకపోయింది.) మేస్త్రి గారు వచ్చి ఓనరు గారినీ దీపాన్నీ ఒకసారి చూశారు. తర్వాత నన్నూ చూశారు. అంతలో బందరు వైపు నుంచి తెల్ల అంబాసిడరు ఒకటి వచ్చి షెడ్డులోకి దూరింది. దానికన్నా ముందు దాని వాసన వచ్చింది. చేపల వ్యాపారం చేసే ఒకావిడ దిగింది, వెనకే ఆవిడ భర్త. ఆవిణ్ణి మార్కెట్లో అందరూ చేపల పిన్ని గారు అంటారట. కారు డిక్కీలో ఏళ్ళ తరబడి రొయ్యల బుట్టలు మోసి మోసి, సీట్లు కూడా ఎండుచేపల వాసన కొడుతున్నాయి. పిన్ని గారు తానే స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఏసీ సరిగ్గా చల్లబడట్లేదయ్యా. గ్యాసు పట్టాలంట. పట్టేముందు నాకు చూపించాలి" అంది.

మేస్త్రి గారు కళ్ళద్దాలు తగిలించుకుని, ఇంజను మీది వాల్వు మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు. ఆ చేపల కంపులో ఆయన ఏం వెతుకుతున్నారో నాకు అర్థం కాలేదు. "ఇంతకుముందు గ్యాసు ఎక్కడ పట్టించారమ్మా?" అని అడిగారు.

"మా వైపే ఒకతను. చవగ్గా పట్టాడు. మొదట్లో బ్రహ్మాండంగా చల్లబడింది కూడా, మా కోడలు దుప్పటి కప్పుకునేది" అంది పిన్ని గారు.

ఆ మాట వినగానే మేస్త్రి గారు నిటారుగా నిలబడ్డారు. "ఎవరూ ఏదీ ముట్టుకోవద్దు. ఇంజను స్టార్ట్ చెయ్యొద్దు" అని నెమ్మదిగా చెప్పి, తిన్నగా దీపం దగ్గరికి నడిచారు. ఓనరు గారు పేపరు దించారు. ఆయన కళ్ళల్లోకి చూస్తూనే మేస్త్రి గారు తడి గుడ్డతో ఒత్తి నొక్కేశారు. సన్నటి పొగ లేచింది.

"మేస్త్రి గారూ" అన్నారు ఓనరు గారు, కుర్చీలోంచి లేస్తూ. "మీరు ఇంక ఇంటికి ఎళ్ళొచ్చు."

"ఎళతానండి. ఈ కారుని బయటికి నెట్టించి ఎళతాను" అన్నారు ఆయన.

ఇక్కడ నేను చేసిన పని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. గెలిచానన్న ఊపులో ఉన్నాను. మేస్త్రి లేకపోయినా షాపు నడుస్తుందని ఓనరు గారికి చూపించాలనిపించింది. పక్కనుంచి పిన్ని గారు "ఏవయ్యా, ముందు తుస్సుమనిపించు" అంది. సిలిండరు దూరంగా ఉంది, కారు దగ్గరగా ఉంది. కారులో మిగిలిన గ్యాసుతోనే చూపిద్దామని పైపు నట్టు మీద స్పానరు వేసి తిప్పాను. వాల్వు దగ్గర తుస్సు మొదలైంది. బాగా వంగి చూస్తున్నాను. వెనకనుంచి ఎవరో పరుగెత్తుకొస్తున్న చప్పుడు. నేను తల తిప్పేలోపే నా కళ్ళ మీదికి ఏదో వచ్చి పడింది, చెమటతో తడిసిన రబ్బరు పట్టీ చెవులకి తగిలింది. మరుక్షణం చల్లటి ద్రవం చిమ్ముకుంటూ వచ్చి ఆ అద్దాల మీద, నుదుటి మీద కొట్టింది. నుదురు మంట పెట్టింది. ఇంత చల్లటిది ఇంతగా కాలుస్తుందని ఏ పుస్తకంలో చదివినా నాకు ఎక్కలేదు, అప్పుడు ఎక్కింది. అద్దాల మీద మంచు పేరుకుపోయి ఏదీ సరిగ్గా కనపడలేదు. ఆ మంచులోంచే, మేస్త్రి గారు ఉత్త కళ్ళు గట్టిగా మూసుకుని, మొహం పక్కకి తిప్పి, చేత్తో తడుముతూ నట్టు బిగించడం మసకగా చూశాను.

తుస్సు ఆగింది. షెడ్డంతా కొత్త వాసన ఒకటి నిండింది. పిన్ని గారు ముక్కు ఎగబీల్చి, "ఇదేంటయ్యా, మా వంటింట్లో బండ లీకైనట్టుంది" అంది. మా వైపు వంటగ్యాసు సిలిండర్ని బండ అంటాం. కారు ఏసీలో చవగ్గా పట్టింది ఆ గ్యాసునే. అది బ్రహ్మాండంగా చల్లబరుస్తుంది, నిప్పు తగిలితే మాత్రం భగ్గుమంటుంది. రెండు నెలలుగా ఆ కారు వంటగ్యాసు కారుస్తూ తిరుగుతోంది, చేపల వాసనలో ఎవరికీ తెలియలేదు. పిన్ని గారు భర్త వైపు తిరిగింది. ఆయన జేబులోని చుట్ట చప్పున తీసి మేస్త్రి గారి చేతిలో పెట్టి, దొంగతనం ఒప్పుకున్నవాడిలా నిలబడ్డాడు. ఓనరు గారు ఆరిన దీపాన్నీ, అక్కడికి పదడుగుల దూరంలో ఉన్న కారునీ మార్చి మార్చి చూశారు. ఆ తర్వాత పంచె ఎగ్గట్టి, అందరికన్నా ముందు తానే వెళ్ళి కారు వెనక చెయ్యి వేశారు.

బ్యాటరీ వైరు కూడా విప్పకుండా, అది విప్పితే నిప్పురవ్వ లేస్తుందని, కారుని మెల్లగా వెనక ఖాళీ స్థలంలోకి నెట్టాం. మేస్త్రి గారు అందరినీ గాలి వచ్చే వైపుకి దూరంగా నిలబెట్టి, పొడుగాటి పైపు తగిలించి, గంటసేపు కొద్దికొద్దిగా ఆ గ్యాసుని వదిలారు. నేను నుదుటి మీద తడిగుడ్డ పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. అంతా అయ్యాక ఓనరు గారు ఆయన్ని అడిగారు, మెత్తగా: "దీపం ఎందుకు ఆర్పుతున్నారో నాకు ఒక్క మాట చెప్పొచ్చు కదండీ."

"చెబితే మీరు బాధపడతారని చెప్పలేదండి. మన గ్యాసు అయినా సరే మంట మీదికి పోతే విషం అవుద్ది. మీరు మానమంటే మానతారా ఏంటి, మీ నాన్నగారి నాటి దీపం. అందుకని మీరు అటు ఎళ్ళగానే ఆర్పి, పని అవ్వగానే ఎలిగించేవాణ్ణి. నూనె కూడా ఆ మేరకి నేను తీసెయ్యాల్సింది, మర్చిపోయా" అన్నారు మేస్త్రి గారు. మొలతాడుకున్న తాళంచెవి విప్పి వెనక గది తెరిచారు. లోపల ఆ రంగు వెలిసిన సిలిండరు, దాని మీద సుద్దముక్కతో 'చెడ్డది' అని ఆయన రాత. "పాత బండ్లలోది. గాల్లోకి వదలకూడదంట, కొత్తదాంట్లో కలపకూడదంట. మరి ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. ఎవరన్నా తెలీక కార్లోకి ఎక్కిస్తారని తాళం ఏశా."

"అది సరే" అన్నారు ఓనరు గారు, ఇంకా ఒక అనుమానం మిగిలి. "మంచి గ్యాసు అంత తొందరగా ఎటు పోతంది మరి?"

అప్పుడు చేపల పిన్ని గారు, పాపం ఏ కల్మషమూ లేకుండా, "పోదా మరి. మొన్న మా మరిది కారు తెస్తే ఈ అబ్బాయి నాలుగు సార్లు తుస్సుమనిపించాడంట. మా మరిది చూస్తంటే పక్క కారువాళ్ళకి కూడా చూపించాడంట. అందుకేగా నేను ఇక్కడికే వచ్చింది" అంది. అందరి తలలూ నా వైపు తిరిగాయి. గ్యాసు దొంగని పట్టుకోమని నన్ను పెట్టారు, నేను పట్టుకున్నాను, కాకపోతే ఇంటిదొంగ నేనే. భూమి చీలితే బాగుండును అనుకున్నాను గానీ ఆటోనగర్‌లో నేలంతా గ్రీజు పట్టి గట్టిపడి ఉంది.

ఓనరు గారు నన్ను ఆ పూటే పంపించేసేవారు. మేస్త్రి గారే అడ్డం పడ్డారు. "ఉండనివ్వండి. ఈ అబ్బాయికి అనుమానం ఎక్కువ. ఈ పనికి అదే కావాలి. ఇప్పటిదాకా తప్పు చోట చూశాడు, అంతే" అన్నారు. తన తెల్లబారిన వేలు నా మొహం ముందు పెట్టి, "నువ్వు అడిగావుగా. నీ వయసులో నేనూ ఇట్టాగే ఉత్త చేత్తో నట్టు విప్పా" అని మాత్రం చెప్పారు. మధ్యాహ్నం మామూలుగానే గోంగూర పచ్చడి వడ్డించారు. ఓనరు గారికి చాడీ చెప్పింది నేనేనని ఒప్పుకుందామని నాలుగుసార్లు నోరు తెరిచాను, నాలుగుసార్లూ ముద్ద పెట్టుకుని మూశాను. కళ్ళద్దాలు తిరిగి ఇవ్వబోతే "ఉంచుకో, నేను ఇంకోటి కొనుక్కుంటా" అన్నారు.

పదేళ్ళు పోయాక బెంజ్ సర్కిల్ దగ్గర నేను సొంతంగా షాపు పెట్టుకున్నాను. మేస్త్రి గారు అప్పటికి పని మానేసి పెద్దమ్మాయి దగ్గర ఉంటున్నారు. ఒక పొద్దున ఉన్నట్టుండి వచ్చారు. నేను కళ్ళద్దాలు పెట్టుకుని ఒక కారు దగ్గర గ్యాసు పైపు విప్పబోతున్నాను. ఆయన నన్ను పలకరించకుండా తిన్నగా దేవుడి పటం దగ్గరికి వెళ్ళి, మా ఆవిడ వెలిగించి వెళ్ళిన దీపాన్ని నొక్కి ఆర్పి, అప్పుడు నా వైపు తిరిగారు. తొందర్లో నేను దాన్ని ఆర్పడం మర్చిపోయాను. పదేళ్ళుగా గొంతులో ఉండిపోయిన మాట ఆ పొగ వాసనకి బయటికొచ్చింది.

"మేస్త్రి గారూ, ఆ రోజు మీ దీపం సంగతి ఓనరు గారికి చెప్పింది నేనేనండి."

"తెలుసులేవయ్యా" అన్నారు ఆయన, స్టూలు లాక్కుని కూర్చుంటూ. "పొద్దున్నే ఆయన పేపరు తలకిందులుగా పట్టుకు కూర్చున్నప్పుడే తెలిసింది. టైర్ల వెనక దాక్కునేటప్పుడు నువ్వు చెప్పులు బయటే వదిలేవాడివి."

అంటే, తన పని పోగొట్టిందెవరో తెలిసే ఆ మనిషి కళ్ళద్దాలు తన కళ్ళ మీంచి తీసి నా కళ్ళకి పెట్టాడు. నాకు ఏడుపొచ్చింది. అద్దాలు మసకబారాయి, ఆయనకి కనపడలేదనే అనుకుంటున్నాను. ఇప్పుడు మా షాపులో ఎవరికీ తుస్సుమనిపించి చూపించను. నమ్మకం లేనివాళ్ళు పక్క షాపుకి వెళ్ళిపోతారు, వెళ్ళనిస్తాను. నా నుదుటి మీద చల్లగా కాలిన మచ్చ ఒకటి అలాగే ఉండిపోయింది. గుడికి వెళ్ళినప్పుడు పూజారి గారు దాన్ని పాత బొట్టు అనుకుని ప్రతిసారీ దాని మీదే కుంకుమ పెడతారు. నేను కూడా అది బొట్టేనని ఊరుకుంటాను. మా ఆవిడకి మాత్రం, రోజూ తను వెలిగించిన దీపం నూనె ఎందుకు తరగడం లేదా అని ఈ మధ్య అనుమానం మొదలైంది.